ఒక వంటవాడి సర్వీసు రిజిస్టరు

పెన్షనర్ల దినోత్సవ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శిగారు ఫోను చేసినప్పుడు, "నాకు తెలిసిన చరిత్రంతా సర్వీసు రిజిస్టర్లలో వున్నదేనండీ" అన్నాను. "అయితే ఒక సర్వీసు రిజిస్టరే రాసి పంపండి" అన్నారాయన నవ్వుతూ. ఆ మాట పట్టుకునే ఇది రాస్తున్నాను.

ఖజానా శాఖలో నా ఉద్యోగ జీవితం సగానికి పైగా పెన్షను కాగితాల మధ్యనే గడిచింది. పుట్టిన తేదీ, చేరిన తేదీ, పదోన్నతులు, సెలవులు, శిక్షలు, విరమణ తేదీ. ఒక మనిషి జీవితమంతా ఆ గళ్లలో ఇమిడిపోవడం రోజూ చూసేవాణ్ణి. ఇప్పుడు నేను విప్పబోయే రిజిస్టరు మన శాఖది కాదు, మన దేశానిదీ కాదు. ఫ్రాన్సులో పుట్టి, లండన్ హోటళ్లలో ముప్ఫయ్యేళ్లు వంటశాలలు నడిపిన ఆగస్త్ ఎస్కోఫియే అనే ఆయనది. గుంటూరు జిల్లా గుమాస్తాకి ఫ్రెంచి వంటాయనతో ఏం పనని మీరు అడగవచ్చు. అది చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతులు రెండు చెప్పాలి.

మా అమ్మ తమ్ముడు బెజవాడలో ఒక హోటల్లో వంటమనిషిగా పనిచేశాడు. పద్నాలుగో ఏట పిండి రుబ్బడానికి చేరి, చివరికి వంటశాల మొత్తానికి పెద్ద అయ్యాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి పొయ్యి రాజేసేవాడు. అలా నలభై ఏళ్లు. చేతులు వణకడం మొదలయ్యాక యజమాని ఒక పంచెల చాపు, కొంత డబ్బు చేతిలో పెట్టి పంపేశాడు. ఆ తర్వాత బతికిన తొమ్మిదేళ్లూ మా ఇంట్లో కొన్నాళ్లు, మా పిన్ని ఇంట్లో కొన్నాళ్లు వంతులవారీగా గడిపాడు. ఆఫీసువాళ్లు ఎవరైనా ఇంటికొస్తే "మా మామయ్య, బెజవాడలో వ్యాపారం చేసేవాడు" అని చెప్పేవాణ్ణి. వరండాలో కూర్చున్న ఆయనకు ఆ మాట వినబడేది. ఏమీ అనేవాడు కాదు. ఒక రోజు మాత్రం, "ఒరే, ఇంతమందికి పెన్షన్లు రాస్తావు గదా, నాలాంటివాడికి ఏ కాగితం మీద రాస్తార్రా?" అని అడిగాడు. వేళాకోళానికే అడిగాడనుకోండి. నేను మాత్రం జవాబు చెప్పలేకపోయాను.

రెండో సంగతి మా మనవడిది. ఇంటరు పూర్తయ్యాక హోటల్ మేనేజిమెంటు చదివి వంటశాలలో పనిచేస్తానన్నాడు. "మన ఇంట్లో ఒకాయన గరిటె పట్టుకుని పడ్డ పాట్లు చాలవా?" అన్నాను. వాడు వినలేదు. నేను నాలుగు నెలలు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. చదువు ముగించి హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో చేరాడు. ఏ ఉద్యోగమని అడిగితే "కమీ" అన్నాడు.

"అంటే ఏమిట్రా?"

"వంటశాలలో అందరికన్నా కింది మెట్టు తాతయ్యా. ఫ్రెంచి మాట. ఆ భాషలో ఆఫీసు గుమాస్తాని కూడా కమీ అనే అంటారట."

నేను నోరు మూసుకున్నాను. ఆ మాట పెట్టుకుని నడిచే పద్ధతంతా ఎస్కోఫియే స్థిరపరిచినదని చెప్పి, ఆయన జీవితం గురించిన పుస్తకమొకటి నా మంచం పక్కన పెట్టి వెళ్లాడు. నిద్రపట్టని రాత్రుళ్లు చదివాను. తర్వాత దొరికినవి మరికొన్ని చదివాను. అలా నాకు ఈయన పరిచయమయ్యాడు.

పుట్టిన తేదీ, చేరిన తేదీ

పుట్టిన తేదీ 28-10-1846. ఊరు దక్షిణ ఫ్రాన్సులో నీస్ పట్నానికి దగ్గరలోని విల్‌నెవ్ లూబే. తండ్రి కమ్మరి. పిల్లవాడికి బొమ్మలు చెక్కడమంటే ప్రాణం, శిల్పి కావాలని కోరిక. కానీ కుటుంబానికి కావలసింది నాలుగు వేళ్లు నోట్లోకి పోయే వృత్తి. 1859లో తండ్రి అతన్ని తీసుకెళ్లి నీస్‌లో తన సోదరుడు నడిపే భోజనశాలలో అప్పగించాడు. అప్పటికి కుర్రవాడికి పదమూడేళ్లు నిండీ నిండలేదు. అదే చేరిన తేదీ.

సొంత మనిషని ఆ ఇంట్లో మినహాయింపేమీ దొరకలేదు. అంట్లు, కూరగాయలు, బజారు, వడ్డన అన్నీ చేయించారు. కుర్రవాడు పొట్టి. ఆ రోజుల్లో బొగ్గుపొయ్యిలు ఎత్తుగా వుండేవి. సెగ మొహానికి కొట్టకుండా ఎత్తు మడమల బూట్లు వేసుకునేవాడట. ఆ అలవాటు పెద్దయ్యాక కూడా పోలేదు.

అప్పటి వంటశాల ఎలా వుండేదో తెలిస్తే తప్ప ఆయన చేసిన పని అర్థం కాదు. సాధారణంగా భూమి లోపల, గాలి వెలుతురు లేని గది. రోజంతా బొగ్గు సెగ. ఆ వేడికి దాహం, దాహానికి మద్యం, మద్యానికి తోడు బూతులు. తప్పు చేసిన కుర్రవాడి వీపు మీద పెద్దవాళ్ల చెయ్యి పడేది. పెళ్లిళ్లలో గాడిపొయ్యి ముందు నిలబడి గంగాళాలు దించిన మన వంటవాళ్లని చూసినవారికి ఆ సెగ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. పైన దీపాల వెలుగులో భోంచేసే దొరలకి ఆ కింద ఒక లోకం వుందని తెలియను కూడా తెలియదు.

1865లో పారిస్ చేరి పెతి మూలా రూజ్ అనే పేరున్న భోజనశాలలో ప్రవేశించాడు. 1870లో ఫ్రాన్సుకీ ప్రష్యాకీ యుద్ధం వచ్చింది. సైన్యంలో వంట అధికారిగా మెత్స్ కోటలో చిక్కుకుపోయారు. శత్రువు చుట్టుముట్టాడు, సరుకులు అయిపోయాయి. చివరికి గుర్రపు మాంసం వండి పెట్టాల్సి వచ్చింది. ఆ ఏడు అక్టోబరు 27న కోట లొంగిపోయింది, ఆయన బందీ అయ్యారు. ఆకలి అంటే ఏమిటో ఆ ముట్టడిలో ఆయన దగ్గరనుంచి చూశారు. ఎంతో ఖరీదైన భోజనాలు వండినవాడికి జీవితాంతం వృథా అంటే గిట్టకపోవడానికి మూలం అక్కడే వుందని నాకు అనిపిస్తుంది.

పదోన్నతులు

1884లో మాంటే కార్లోలోని గ్రాండ్ హోటల్లో సేజార్ రిట్జ్ ఆయన్ని పనిలోకి తీసుకున్నారు. రిట్జ్ స్విట్జర్లాండులో ఒక పల్లెటూరి పేద కుటుంబంలో పుట్టి హోటల్ మేనేజరుగా ఎదిగినవాడు. రిట్జ్ హోటల్ ముందుభాగం చూసుకుంటే ఎస్కోఫియే వంటశాల చూసుకునేవారు. చలికాలం మాంటే కార్లో, వేసవిలో లూసెర్న్. ఈ జంట పేరు ఐరోపా అంతా పాకింది. 1890లో లండన్‌లో కొత్తగా కట్టిన సావోయ్ హోటలుకు ఇద్దరూ కలిసి వెళ్లారు.

అంతకు ముందు లండన్‌లో పెద్దింటి స్త్రీలు హోటల్లో భోజనం చేయడం మర్యాదగా ఎంచేవారు కారు. ఈ ఇద్దరూ భోజనశాలని శుభ్రంగా, నిశ్శబ్దంగా, మర్యాదగా తీర్చిదిద్దడంతో కుటుంబాలు రావడం మొదలైంది. ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియా గాయని నెల్లీ మెల్బా కోసం పీచు పండు, ఐస్‌క్రీము కలిపి మంచుతో చెక్కిన హంస రెక్కల మధ్య పెట్టి పంపించారు. చిన్నప్పుడు శిల్పి కావాలనుకున్న కోరిక అలా తీరిందేమో. తర్వాతి కాలంలో దానికి రాస్ప్‌బెర్రీ రసం చేర్చి "పీచ్ మెల్బా" అని పేరు పెట్టారు. నూరేళ్లు దాటినా ఇప్పటికీ పెద్ద హోటళ్లలో అది దొరుకుతుంది.

1898లో పారిస్‌లో రిట్జ్ హోటల్, 1899లో లండన్‌లో కార్ల్‌టన్ హోటల్ తెరిచారు. కార్ల్‌టన్ వంటశాలలో ఆయన కింద అరవై మంది పనిచేసేవారు. 1902లో ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి రెండు రోజుల ముందు, రాజుగారికి జబ్బుచేసి ఉత్సవం వాయిదా పడింది. నెలల తరబడి ఏర్పాట్లు చేసిన రిట్జ్ ఆ దెబ్బకి కుప్పకూలిపోయి, మళ్లీ పూర్తిగా కోలుకోలేదు. భారమంతా ఎస్కోఫియే మీద పడింది. 1903లో సహచరుల సాయంతో అయిదు వేలకు పైగా వంటకాల వివరాలున్న "ల గీద్ క్యులినేర్" అనే గ్రంథం వెలువరించారు. మా మనవడి చదువులో ఆ పుస్తకం పేరు చెప్పకుండా పాఠం సాగదట.

పని పద్ధతి

మన పాఠకులకు అన్నిటికన్నా నచ్చేది ఈ భాగమే అనుకుంటాను, ఎందుకంటే ఇది కచేరీ పని తెలిసినవాళ్లకి ఇట్టే అర్థమవుతుంది.

అంతకు ముందు ఒక వంటకం ఆర్డరు వస్తే ఒక విభాగమే దాన్ని మొదటినుంచి చివరిదాకా తయారుచేసేది. పక్కవాడి దగ్గర అదే పులుసు మరుగుతున్నా ఇతను వేరే కాచుకోవలసిందే. ఎస్కోఫియే పనిని సెక్షన్లుగా విడగొట్టారు. ఒకరు పులుసులు మాత్రమే, ఒకరు కాల్చిన మాంసాలు, ఒకరు చేపలు, ఒకరు కూరలూ గుడ్లూ, ఒకరు చల్లటి పదార్థాలూ నిలవ సరుకులూ, ఒకరు మిఠాయిలు. అందరి మీదా ఒక పెద్ద, ఆయనకో సహాయకుడు. ప్రతి సెక్షనులో పని నేర్చుకునే కమీలు. గుడ్లు, కాల్చిన మాంసం ముక్క, పులుసు కలిసే ఒక వంటకం ఒక్కడే చేస్తే పావుగంట పట్టేది. మూడు సెక్షన్లు ఒకేసారి తలా ఒక పని చేసేసరికి కొద్ది నిమిషాల్లో బల్ల మీదికి వచ్చేది. టపా ఒకరు, లెడ్జరు ఒకరు, చెక్కు ఒకరు చూస్తేనే మొదటి తారీఖు పెన్షన్లు అందేవని మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు గదా.

భోజనం ఆర్డరు మూడు ప్రతుల్లో రాయించేవారట. ఒకటి వంటశాలకి, ఒకటి వడ్డించేవాడికి, ఒకటి డబ్బు తీసుకునే గుమాస్తాకి. ఈ సంగతి చదివినప్పుడు నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మూడు ప్రతులు రాయడమంటే మన జాతివాడే అనిపించింది!

వంటశాలలో ఆర్డర్లు గట్టిగా అరిచి చెప్పే మనిషి ఒకడుండేవాడు. ఫ్రెంచిలో ఆ ఉద్యోగం పేరుకి "మొరిగేవాడు" అని అర్థం. ఎస్కోఫియే ఆ పేరు మార్చి "ప్రకటించేవాడు" అన్నారు. గొంతు తగ్గించి చెప్పమన్నారు. పేరు మారిస్తే ఏమవుతుందని మనం తేలిగ్గా తీసేయకూడదు. "బంట్రోతు" పోయి "ఆఫీస్ సబార్డినేట్" వచ్చినప్పుడు మా కార్యాలయంలో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

వంటశాలలో తిట్లు, దెబ్బలు, పొగతాగడం, మద్యం నిషేధించారు. దాహానికి ఏం చేయాలి? వైద్యుణ్ణి అడిగి బార్లీతో ఒక పానీయం తయారుచేయించి వంటవాళ్లకి అందుబాటులో పెట్టించారు. మనింట్లో ఎండదెబ్బకి ఇచ్చే బార్లీ నీళ్లే అనుకోండి. కోపం వస్తున్నట్టు తోస్తే కేకలు వేయకుండా, ఆ మాట చెప్పి కాసేపు బయటికి వెళ్లిపోయేవారట. పనివాళ్లు వీధిలోకి వచ్చేటప్పుడు కోటు, టై వేసుకుని మర్యాదగా రావాలని, తీరిక వేళల్లో చదువుకోవాలని పట్టుబట్టేవారు. వంటవాడు కూడా గౌరవనీయుడైన ఉద్యోగే అని లోకం ఒప్పుకోవాలంటే, ముందు వంటవాడు ఒప్పుకోవాలని ఆయన ఆలోచన.

ఇక్కడ పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. వరండాలో కూర్చుని తన గురించి "వ్యాపారం" అనే అబద్ధం విన్న మనిషి గుర్తొచ్చాడు.

ఎర్ర సిరా

సర్వీసు రిజిస్టరు రాసేవాడు మంచి ఒక్కటే రాస్తే అది రిజిస్టరు కాదు, అభినందన పత్రం అవుతుంది. ఎర్ర సిరాతో రాయవలసినది కూడా వుంది.

8-3-1898న సావోయ్ హోటల్ యాజమాన్యం రిట్జ్‌ని, ఎస్కోఫియేని పనిలోనుంచి తీసేసింది. వంటవాళ్లు తిరగబడితే పోలీసులు రావలసి వచ్చింది. ఆనాటి పత్రికలు అదో పెద్ద గొడవగా రాశాయి. కారణం చాలాకాలం లోకానికి తెలియలేదు. వేల పౌన్ల విలువ చేసే మద్యం లెక్క తేలలేదని, సరుకులు ఇచ్చే వ్యాపారుల దగ్గర ఎస్కోఫియే కమీషన్లు తీసుకున్నారని, బిల్లులో వున్నంత సరుకు రాలేదని ఆరోపణలు. 1900 జనవరిలో ఒప్పుకోలు పత్రం మీద సంతకాలు చేశారు. ఎస్కోఫియే వాటా 8,000 పౌన్లకు తేలింది. అంత ఇచ్చుకోలేకపోవడంతో 500 పౌన్లు తీసుకుని వ్యవహారం ముగించారు. ఈ కాగితాల సంగతి 1980ల దాకా బయటికి రాలేదు. తన జ్ఞాపకాల్లో ఆయన ఈ మాట ఎత్తలేదు.

వ్యాపారులు వంటశాల పెద్దకి కమీషను ఇవ్వడం ఆ రోజుల్లో మామూలేనని కొందరు ఆయన తరఫున చెబుతారు. మామూలు అనే మాట మన ఆఫీసుల్లో ఎన్నిసార్లు విన్నామో మీకు తెలుసు. అందరూ చేశారు గనక తప్పు కాకుండా పోదు. అయితే ఒక ఎర్ర సిరా పేజీ వుందని మిగతా అరవై ఏళ్ల పేజీలు చించి పారేయడం కూడా ధర్మం కాదు. రెండూ ఒకే దారంతో కుట్టిన పుస్తకంలో వుంటాయి. చదివేవాడు రెండూ చదవాలి.

పాత గుర్రం బండి

సావోయ్‌లో వున్నప్పుడే జరిగిన ఇంకో సంగతి వుంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

"లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్" అని క్రైస్తవ సన్యాసినుల సంస్థ ఒకటి వుంది. దిక్కులేని ముసలివాళ్లని చేరదీసి పోషించడం వారి పని. 1839లో ఫ్రాన్సులో మొదలైంది. మన సికింద్రాబాదులో కూడా వారి వృద్ధాశ్రమం వుంది. లండన్‌లో ఆ సిస్టర్లు ఒక ముసలి గుర్రం కట్టిన చిన్న బండిలో ప్రతి ఉదయం సావోయ్ వంటశాల వాకిటికి వచ్చేవారు. ఒకసారి వాడిన కాఫీ పొడి, టీ ఆకు, రొట్టెల అంచులు వారికోసం విడిగా తీసి వుంచేవారు. అక్కడితో ఆగలేదు. పెద్దల విందులకు కంజు పిట్టల రొమ్ము భాగం మాత్రమే వాడేవారు. కాళ్లు మిగిలిపోయేవి. ఎస్కోఫియే వాటిని పారేయనివ్వకుండా తీయించి, బియ్యంతో కలిపి పులావు వండుకునేలా ఆ ఆశ్రమానికి పంపించేవారు. ధనవంతులు తినే పిట్టనే, అదే రోజు, లండన్‌లోని అనాథ వృద్ధులు కూడా రుచి చూసేవారు.

ఇలాంటి దానం చాలామంది చేస్తారు. ఎస్కోఫియే దానం దగ్గర ఆగిపోలేదు. 1910లో, తనకు అరవై మూడేళ్లప్పుడు, ఒక చిన్న పుస్తకం అచ్చువేయించారు. అందులో వంటకాలేమీ లేవు. పేరు తెలుగులో చెబితే "దారిద్ర్య నిర్మూలనకై పరస్పర సహాయ ప్రణాళిక" అవుతుంది. జీవితమంతా పనిచేసి ముసలితనంలో చేయలేకపోయినవాళ్లని ఎవరి జాలికో వదిలేయకుండా, అందరూ కలిసి వారి పోషణకు పూచీ పడే ఏర్పాటు కావాలని ఆ పుస్తకం వాదన. పెద్ద విందులు వండించిన చెయ్యి పెన్షను గురించి రాసింది!

ఆ కాలం ఎలాంటిదో కూడా చెప్పాలి. జర్మనీలో 1889లో వృద్ధాప్య బీమా చట్టం వచ్చింది. బ్రిటన్‌లో 1908లో చట్టం చేసి, 1-1-1909 నుంచి డెబ్బై ఏళ్లు దాటిన పేదలకు వారానికి గరిష్ఠంగా 5 షిల్లింగులు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పుడు ఎస్కోఫియే లండన్‌లోనే వున్నారు. ఫ్రాన్సులో 1910 ఏప్రిల్‌లో కార్మికుల, రైతుల పెన్షను చట్టం వచ్చింది. అంటే పెద్దవాళ్లంతా పార్లమెంటులో వాదించుకుంటున్న సమయంలో, చదువు పన్నెండో ఏట ఆగిపోయిన ఒక వంటాయన కూడా తన మాట చెప్పారన్నమాట.

మన సుప్రీంకోర్టు నకారా కేసులో 17-12-1982న తీర్పిచ్చి, పెన్షను యజమాని దయ మీద ఆధారపడ్డ బహుమానం కాదని, చేసిన సేవకు దక్కవలసిన హక్కని తేల్చింది. ఏటా ఆ తేదీనే మనం పండుగ చేసుకుంటున్నాం. దండలు వేసుకుంటాం, మిఠాయిలు పంచుకుంటాం. ఆ మిఠాయిలు చేసిన మనిషికి ఆ హక్కు వుందా అని నేను ఏ సంవత్సరమూ అడగలేదు. ప్రైవేటు సంస్థల ఉద్యోగులకు పెన్షను పథకం 16-11-1995 నుంచి వచ్చింది. దాని కింద 2014 సెప్టెంబరు నుంచి నెలకు కనీసం 1,000 రూపాయలని నిర్ణయించారు. మా మామయ్య కాలానికి అది కూడా లేదు. మన పిల్లల్లో కూడా 1-9-2004 తర్వాత రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగంలో చేరినవారికి పాత పద్ధతి పోయి చందా పద్ధతి వచ్చింది. హక్కు అనేది ఒకసారి వస్తే ఎప్పటికీ వుండిపోయే వస్తువు కాదని మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

విరమణ

జర్మనీ చక్రవర్తి కైజరు 1913లో ఓడ మీద ఎస్కోఫియే భోజనం తిని, తాను జర్మనీకి చక్రవర్తినైతే ఆయన వంటవాళ్లకి చక్రవర్తి అని మెచ్చుకున్నాడని చెప్పుకుంటారు. మరుసటి ఏడే ఆ జర్మనీతో యుద్ధం మొదలైంది. ఎస్కోఫియే కొడుకు దానియల్ 1914లోనే ఆ యుద్ధంలో మరణించాడు. తన వంటశాలనుంచి యుద్ధానికి వెళ్లినవాళ్ల కుటుంబాల కోసం ఈ పెద్దాయన చందాలు పోగుచేశారు. వియత్నాం నాయకుడు హో చి మిన్ యువకుడిగా వున్నప్పుడు 1913లో కార్ల్‌టన్ హోటల్లో పనిచేశాడని, ఆ స్థలంలో ఇప్పుడున్న భవనం గోడ మీద ఒక ఫలకం చెబుతుంది. కార్ల్‌టన్ హోటల్ 1950లలో కూల్చేశారు.

1920లో, డెబ్బై మూడేళ్లు దాటాక, ఆయన పని విరమించారు. 1859నుంచి లెక్కవేస్తే అరవై ఒక్క సంవత్సరాల సర్వీసు. నేను చూసిన ఏ రిజిస్టరులోనూ అంత సర్వీసు లేదు. ఫ్రాన్సు ప్రభుత్వం "లెజియన్ ద ఆనర్" బిరుదు ఇచ్చి, 1928లో దాని హోదా పెంచింది. 1934లో, ఎనభై ఏడో ఏట, సామాన్య గృహిణులకు పనికివచ్చేలా ఇంకో వంట పుస్తకం వెలువరించారు.

ఇంత సేవకీ ఒక మూల్యం చెల్లింది. దాన్ని చెల్లించినది భార్య డెల్ఫీన్. ఆవిడ కవయిత్రి. భర్త లండన్‌లో వున్న ముప్ఫయ్యేళ్లలో చాలా భాగం పిల్లలతో మాంటే కార్లోలోనే వుండిపోయారు. బదిలీల మీద తిరిగిన మన మిత్రుల ఇళ్లలో ఆడవాళ్లకి ఈ సంగతి వివరించక్కర్లేదు. విరమణ తర్వాత పదిహేనేళ్లు ఇద్దరూ ఒక కప్పు కింద వున్నారు. 6-2-1935న ఆవిడ పోయారు. ఆరు రోజులకి, 12-2-1935న, ఎనభై ఎనిమిదో ఏట ఆయన కూడా వెళ్లిపోయారు. పుట్టిన ఇంటిని 1966లో వంట కళకు మ్యూజియంగా మార్చారు. కమ్మరి కొడుకు ఇల్లు, లోకమంతా వచ్చి చూసే చోటు.

రిజిస్టరు ఇక్కడ మూయాలి. చివరి పేజీలో సంతకం పెట్టేముందు మా ఇంటి సంగతికి మళ్లీ వస్తాను.

పోయిన సంక్రాంతికి మా మనవడు రెండు రోజుల సెలవు మీద వచ్చాడు. చేతి మీద నూనె కాలిన మచ్చ వుంది. మా మామయ్యకి కూడా సరిగ్గా ముంజేతి మీద అలాంటి మచ్చ వుండేది. చిన్నప్పుడు అదేమిటని అడిగితే, "ఇది నా హాజరు పట్టీరా" అనేవాడు. ఆ మాట మనవడికి చెప్పాను. మామయ్య సంగతంతా, నేను ఆడిన అబద్ధంతో సహా, చెప్పాను. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయన సాంబారులో ఏం వేసేవాడు తాతయ్యా?" అని అడిగాడు.

నాకు తెలియలేదు. తొమ్మిదేళ్లు మా ఇంట్లో వంతులవారీగా వున్న మనిషిని ఒక్కనాడు కూడా అడగలేదు. ఎక్కడో ఫ్రాన్సులో పుట్టిన వంటాయన అయిదు వేల వంటకాలు అచ్చులో మిగిలాయి. మా మామయ్య ఒక్క సాంబారు కూడా మిగలలేదు. రాయవలసిన గుమాస్తా ఇంట్లోనే వున్నాడు. కలం కూడా వుంది.

అప్పుడు వాడి ముందు ఒక తెల్ల కాగితం తీసి, మామయ్య పేరు, పుట్టిన సంవత్సరం, పనిలో చేరిన వయసు, చేసిన సంవత్సరాలు నాకు గుర్తున్నంతవరకు రాశాను. వృత్తి అనే గడిలో "వంట" అని రాశాను. ఏ కాగితం మీద రాస్తార్రా అని ఆయన అడిగిన ప్రశ్నకి నలభై ఏళ్లు ఆలస్యంగా ఇచ్చిన జవాబు అది. దాంతో పైసా పెన్షను రాదని నాకు తెలుసు.

మిత్రులకు నాదొక మనవి. ఈ ఏడు మన సభలో భోజనాలయ్యాక, వండినవాళ్లని వేదిక మీదికి పిలిచి పేరు పేరునా అడుగుదాం. వారిలో డెబ్బై దాటినవాళ్లుంటే, చెయ్యి ఆడని రోజున వారికి ఏ ఆధారం వుందో కనుక్కుందాం. వృద్ధాప్య పెన్షనుకి దరఖాస్తు రాయవలసివస్తే మనలో చెయ్యి తిరిగిన గుమాస్తాలకు కొదవ లేదు. నా కలం సిద్ధంగా వుంది.